వేసవికో నూలు జంపరు: చేతికి పని, నోటికి తెలుగు

స్వెట్టరు అనగానే మనకు చలి గుర్తుకొస్తుంది, ఉన్ని గుర్తుకొస్తుంది. ఆస్ట్రేలియాలో దాన్ని జంపరు అంటారు. జంపరు చలికాలానికే పరిమితమని ఎవరూ రాసిపెట్టలేదు. పల్చని నూలుతో అల్లుకుంటే వేసవిలోనూ హాయిగా తొడుక్కోవచ్చు. మెల్‌బోర్న్ వేసవి సంగతి మనందరికీ తెలిసిందే. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ మాడ్చేస్తుంది. సాయంత్రం దక్షిణపు గాలి తిరిగిందంటే కొద్దిసేపట్లోనే 15 డిగ్రీలు దిగిపోతుంది. అలాంటి రోజున ఉన్ని బరువు, ఒంటి చొక్కా చాలదు. పల్చని నూలు జంపరు అప్పుడు పనికొస్తుంది.

మా తెలుగు బడిలో పెద్ద పిల్లల తరగతి కోసం ఈ పాఠం తయారుచేసుకున్నాం. ఇందులో కొంచెం అల్లిక, కొంచెం లెక్క, కొన్ని తెలుగు మాటలు ఉన్నాయి. ఇంటికి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు పక్కన కూర్చుంటే పని ఇంకా బాగా సాగుతుంది. వాళ్ళకు తెలిసిన మాటలు మా పాఠాల్లో ఉన్నవాటికన్నా ఎక్కువ.

నేత వేరు, అల్లిక వేరు

పిల్లలూ, మీ అమ్మ చీర అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడండి. నిలువుగా కొన్ని పోగులు, అడ్డంగా కొన్ని పోగులు కనిపిస్తాయి. నిలువు పోగుల్ని పడుగు అంటారు, అడ్డపోగుల్ని పేక అంటారు. పడుగులో కిందికీ పైకీ పేక దూరి వెళ్తుంది. ఇది మగ్గంమీద జరిగే నేత. విడదీయలేనంతగా కలిసిపోయిన వాటిని ‘పడుగూ పేకలా’ ఉన్నాయని అనేది ఇందుకే.

ఇప్పుడు నాన్న బనీను తీసి చూడండి. అందులో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా మారి, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు బయటికి వచ్చి వరుసలు కట్టింది. ఇదే అల్లిక. ఉచ్చు లాగితే సాగుతుంది కాబట్టి బనీను సాగుతుంది, చీర సాగదు. తమిళనాడులోని తిరుప్పూరులో యంత్రాలమీద లక్షలకొద్దీ తయారయ్యే బనీనుకూ, మనం రెండు సూదులతో చేసే జంపరుకూ సూత్రం ఒక్కటే. అంటే వేసవి కోసం నూలుతో అల్లిన బట్ట మనకు కొత్తేమీ కాదు. తెలుగునాట చాలా ఇళ్ళలో దండెంమీద రోజూ ఆరేదే!

ఉన్ని గుణం, నూలు గుణం

ఆస్ట్రేలియా గొర్రెల దేశం. ఇక్కడి పాత అల్లిక పుస్తకాల్లో కొలతలు ఎక్కువగా ఉన్నికి సరిపోయేలా ఇచ్చినవే. ఆ కొలతలు పట్టుకుని నూలుతో అల్లితే జంపరు కాస్తా గోనెసంచి అవుతుంది. కారణం తెలుసుకుంటే జాగ్రత్త కూడా తెలుస్తుంది.

ఉన్ని పోచ సహజంగానే వంకులు తిరిగి ఉంటుంది. లాగితే స్ప్రింగులా సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ వంకుల మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. పత్తి పోచ అలా కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే మెలితిప్పిన చదునైన రిబ్బనులా కనబడుతుంది. అది పెద్దగా సాగదు. దానితో అల్లిన బట్ట ఒకసారి సాగితే అంత తేలిగ్గా వెనక్కి రాదు. చెమటను పీల్చుకుని గాలికి వదిలేస్తుంది, అందుకే ఒంటికి చల్లగా ఉంటుంది. ఇంకో విశేషం ఏమిటంటే, తడిసినప్పుడు ఉన్ని బలం తగ్గుతుంది, పత్తి బలం పెరుగుతుంది.

దీన్నిబట్టి మనం గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు.

1. నూలు జంపరు తన బరువుకు తానే కిందికి జారుతుంది. పల్చని దారమే వాడాలి.
2. ఉన్ని జంపరుకు అడుగున వేసే సాగే పట్టీ నూలుకు పట్టు ఇవ్వదు, కొన్నాళ్ళకు వదులైపోతుంది. దాని బదులు సాదా గట్ల అంచు వేయాలి.
3. ఉన్ని దారం కొసల్ని తడిపి నలిపితే అతుక్కుంటాయి. నూలు కొసలు అతుక్కోవు. కొత్త ఉండ ఎప్పుడూ వరుస మొదట్లోనే కలిపి, కొసల్ని తర్వాత పక్క కుట్టులో దాచాలి.
4. ఉతికాక వేలాడదీయకూడదు. పెరట్లో హిల్స్ హాయిస్ట్ మీద వేస్తే సాయంత్రానికి జంపరు మోకాళ్ళ దాకా వస్తుంది. తువ్వాలు మీద పరిచి నీడన ఆరబెట్టాలి.

రేగడి నేల నుంచి రాట్నం దాకా

దారం చేతిలోకి వచ్చేముందు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతాల్లో పత్తికి పేరుపడ్డ నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంగ్లీషు భూగోళం పుస్తకాల్లో ఈ నేలను ‘రెగర్’ అంటారు. అది మన ‘రేగడ’ నుంచి వెళ్ళిన మాటే. ఆస్ట్రేలియాలో పత్తి పండే నారబ్రై, మోరీ, వీ వా ప్రాంతాల్లోనూ ఇలాగే నెర్రెలిచ్చే నల్లమట్టి ఉంది. 1960లో కీపిట్ ఆనకట్ట పూర్తయి నమోయ్ నది నీళ్ళు అందాక అక్కడ ఆధునిక పత్తి సాగు మొదలైంది. అక్కడ అక్టోబరు ప్రాంతంలో విత్తి, ఏప్రిల్, మే నెలల్లో యంత్రాలతో పత్తి తీస్తారు. తెలుగునాట తొలకరికి విత్తితే దసరా, దీపావళి నాటినుంచి చేతులతో ఏరతారు.

ఆస్ట్రేలియా పత్తి దాదాపు అంతా వడకడానికి బయటి దేశాలకే వెళ్తుంది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం ప్రకారం ఏటా 51,000 టన్నుల పత్తిని సుంకం లేకుండా భారతదేశం తెచ్చుకోవచ్చు. కాబట్టి మనం ఇక్కడి దుకాణంలో కొన్న నూలు ఉండ ఇక్కడే పుట్టి, సముద్రం దాటి, దారమై తిరిగివచ్చినదైనా కావచ్చు!

పత్తి నుంచి గింజ తీస్తే దూది. దూదిని ఏకి, దువ్వి, మెత్తని చుట్టగా చేస్తే ఏకు. ఏకును రాట్నంమీద కదురుకు అందించి పురి పెడితే నూలు. మొదట మెత్తగా కనిపించినవాడు తర్వాత గుచ్చుకునేవాడిగా తయారైతే ‘ఏకు మేకై కూర్చున్నాడు’ అంటారు. ఏకు ఎలా ఉంటుందో చూస్తేనే ఆ సామెత రుచి తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ పని ఇంకా చేత్తో జరుగుతోంది. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడి పత్తిని శుభ్రం చేస్తారు. ఆ సన్నని పళ్ళు చేసినంత బాగా ఆ పని ఇంకేదీ చేయదని వాళ్ళ అనుభవం. అలా వడికిన నూలు 100 నంబరు దాకా వస్తుంది.

నంబరు అంటే ఏమిటి? 840 గజాల నూలును ఒక చిలప అంటారు. ఒక పౌను బరువులో ఎన్ని చిలపలు తూగితే ఆ నూలు అంత నంబరు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. లెక్క చేస్తే 100 నంబరు నూలు ఒక్క గ్రాము సుమారు 169 మీటర్లు వస్తుంది. మనం జంపరుకు వాడే 4 ప్లై నూలు గ్రాముకు సుమారు 3.3 మీటర్లే. అంటే పొందూరు పోగు మన దారంకన్నా 50 రెట్లు సన్నం!

ముందు నమూనా ముక్క

కావలసినవి: 4 ప్లై నూలు 50 గ్రాముల ఉండలు మూడు, 3.75 మిల్లీమీటర్ల సూదులు ఒక జత, కుట్టడానికి మొద్దు మొనగల సూది, టేపు. ఇవి స్పాట్‌లైట్ వంటి దుకాణాల్లో దొరుకుతాయి. నూలు పోగులు విడిపోతుంటాయి కాబట్టి సూది మొన మరీ పదునుగా ఉండకూడదు. వెదురు సూదులైతే జారవు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మంచివి.

ఇక్కడివాళ్ళు నిట్, పర్ల్ అనే రెండింటిని మా బడిలో సూటి కుట్టు, తిరుగు కుట్టు అని పిలుచుకుంటున్నాం. సూటి కుట్టులో దారం వెనక ఉంటుంది, సూది ఉచ్చులోకి ముందునుంచి వెళ్తుంది. తిరుగు కుట్టులో దారం ముందు ఉంటుంది, సూది వెనకనుంచి వస్తుంది. ఒక వరుస సూటిగా, ఒక వరుస తిరుగుగా వేస్తే బనీనులా నున్నగా వస్తుంది. రెండు వైపులా సూటి కుట్టే వేస్తే గట్లుగట్లుగా వస్తుంది, దాన్ని గట్ల అల్లిక అందాం. నున్నని అల్లిక అంచులు చుట్టుకుపోతాయి, గట్ల అల్లిక చుట్టుకోదు. అందుకే అంచులకు అది.

32 కుట్లు ఎక్కించి 42 వరుసలు నున్నగా అల్లి ఒక ముక్క చేయండి. జంపరును ఎలా ఉతుకుతారో దాన్నీ అలాగే ఉతికి ఆరబెట్టండి. తర్వాత పై అంచు పట్టి వేలాడదీసి, కింది అంచుకు నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి రాత్రంతా ఉంచండి. జంపరు బరువుకు ఎంత సాగుతుందో ఆ ముక్క ముందే చెబుతుంది. పొద్దున బల్లమీద పరిచి, నడిమిన 10 సెంటీమీటర్లలో అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఈ పాఠంలోని కొలత 24 కుట్లు, 32 వరుసలు. మీకు 22 కుట్లే వస్తే అల్లిక వదులైనట్టు, సన్నసూది తీసుకోండి. 26 వస్తే బిగువైనట్టు, లావుసూది తీసుకోండి.

రెండు కుట్ల తేడా ఏపాటిది అనుకోకండి. 86 కుట్ల వెడల్పు 24 లెక్కన 36 సెంటీమీటర్లు, 22 లెక్కన 39 సెంటీమీటర్లు. ముందూ వెనకా కలిపితే 6 సెంటీమీటర్లు తేడా. మేము పనిచేసే సాఫ్టువేరులో పరీక్షించకుండా దేన్నీ బయటికి వదలం. అల్లికలో ఆ పరీక్షే ఈ నమూనా ముక్క.

లెక్క

ఎనిమిదేళ్ళ పిల్లకో, పిల్లాడికో చాతీ చుట్టుకొలత 66 సెంటీమీటర్లు అనుకుందాం. గాలి ఆడడానికి 6 కలిపితే 72. అందులో సగం 36, ఒక్కో పలక వెడల్పు. సెంటీమీటరుకు 2.4 కుట్లు కాబట్టి 36ను 2.4తో గుణిస్తే 86.4. దీన్ని 86గా తీసుకుని, పక్క కుట్టులోకి పోయే 2 కలిపితే 88 కుట్లు. పొడవు 44 సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 3.2 వరుసలు కాబట్టి 140 వరుసలు. మీ పిల్లల కొలతలు వేరైతే ఇదే దారిలో వేసుకోండి.

అల్లే విధానం

వెనక పలక: 88 కుట్లు ఎక్కించండి. మొదటి 8 వరుసలు గట్ల అల్లిక. తర్వాత 88వ వరుస దాకా నున్నని అల్లిక. 89వ వరుస నుంచి చంక మొదలవుతుంది. అక్కడినుంచి ప్రతి వరుసలో మొదటి 4, చివరి 4 కుట్లు గట్ల అల్లిక, మధ్యలో నున్నని అల్లిక. చివరి 8 వరుసలు మొత్తం గట్ల అల్లిక. 140 వరుసలయ్యాక కుట్లు వదులుగా ముగించండి.

ముందు పలక: 112వ వరుస దాకా వెనక పలకలాగే. 113 నుంచి 118 దాకా చంక అంచులతోపాటు నడిమి 56 కుట్లు కూడా గట్ల అల్లిక వేయండి. ఇది మెడ అంచు. 119వ వరుసలో 20 కుట్లు అల్లి, నడిమి 48 కుట్లు ముగించి, మిగిలిన 20 అల్లండి. ఇక రెండు భుజాలూ విడివిడిగా, 119వ వరుసతో కలిపి 22 వరుసల చొప్పున. రెండో భుజానికి కొత్త దారం కలపాలి. చంక వైపు 4, మెడ వైపు 4 కుట్లు గట్ల అల్లికే. 20 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల లోతుతో చదరపు మెడ వస్తుంది. చుట్టుకొలత 54 సెంటీమీటర్లు, ఎనిమిదేళ్ళవాళ్ళ తల సాధారణంగా పడుతుంది. ముందుగా తల చుట్టూ టేపు పెట్టి చూసుకోవడం మంచిది.

కుట్టడం: రెండు పలకల భుజాలు కలిపి గట్టిగా కుట్టండి, జంపరు బరువంతా అక్కడే పడుతుంది. పక్కలు అడుగునుంచి 88వ వరుస దాకా కుట్టి, పైన చేతికి వదిలేయండి. చేతులు విడిగా అల్లే పని లేదు.

గంటల విలువ

ఇప్పుడు ఒక లెక్క పిల్లలచేత చేయించండి. వెనక పలకలో 88 కుట్లు, 140 వరుసలు: 12,320. ముందు పలకలో 88 కుట్లు, 118 వరుసలు: 10,384. భుజాలు 40 కుట్లు, 22 వరుసలు: 880. మొత్తం 23,584 కుట్లు. చేయి తిరిగినవాళ్ళు నిమిషానికి 20 కుట్లు వేస్తారనుకుంటే 1,179 నిమిషాలు, అంటే సుమారు 20 గంటలు. కొత్తవాళ్ళకు దానికి రెట్టింపు. ఆస్ట్రేలియాలో 2025 జూలై 1న అమల్లోకి వచ్చిన కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. 20 గంటలకు 499 డాలర్లు! దారం ఖర్చు ఇందులో లేదు.

ఈ లెక్క ఊరికే వేసింది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల స్త్రీలు తరతరాలుగా నూలుదారంతో, కొక్కెం సూదితో లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ పని అక్కడి ఇళ్ళలో స్థిరపడి, దేశదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసుపని స్త్రీలమీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్ళకు అంత తక్కువ కూలి దక్కిందని ఆమె చూపించారు. గంటలు ఎవరూ లెక్కపెట్టకపోతే పని పనిగా కనబడదు.

మన పిల్లలు దుకాణంలో 15 డాలర్ల చొక్కా చూసి ‘చవకే’ అంటారు. తప్పు వాళ్ళది కాదు, కుట్టు ఎంత సేపు పడుతుందో వాళ్ళ చేతులకు తెలియదు. ఒక్క నమూనా ముక్క అల్లిన పిల్ల, నాయనమ్మ పెట్టెలోని లేసు గుడ్డను ఇక అలవోకగా పక్కన పడేయదు. ‘ఇది ఎన్ని రోజులు పట్టింది నాయనమ్మా?’ అని అడుగుతుంది. అడిగేది తెలుగులోనే! ఈ పాఠంనుంచి మేము ఆశించే ఫలితం అదే. జంపరు పూర్తయితే సంతోషం, ముక్కతోనే ఆగినా నష్టమేమీ లేదు.

మాటల మూట

పోగు: దారంలోని ఒక సన్నని తీగ.
పురి: దారానికి పెట్టే మెలిక.
ఏకు: వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట.
కదురు: రాట్నంలో నూలు చుట్టుకునే ఇనుప పుల్ల.
చిలప: కొలత ప్రకారం చుట్టిన నూలు కట్ట.
దూదిపింజ: గాలికి ఎగిరే దూది తునక. తేలికైనదాన్ని దానితో పోలుస్తారు.
చంద్రుడికో నూలుపోగు: గొప్పవారికి భక్తితో ఇచ్చే చిన్న కానుక.

అభ్యాసం

1. చాతీ 60 సెంటీమీటర్లున్న తమ్ముడికి ఒక పలకకు ఎన్ని కుట్లు ఎక్కించాలి? సరిసంఖ్యలో చెప్పండి.
2. 100 నంబరు నూలు 120 గ్రాములుంటే ఎంత పొడవు?
3. మీ ఇంట్లో ఐదు బట్టలు తీసి, ఏది నేత, ఏది అల్లిక అని తెలుగులో రాయండి.
4. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో, నాయనమ్మకో ఫోను చేసి, దారానికి సంబంధించిన, పై జాబితాలో లేని ఒక మాట అడిగి తెలుసుకోండి. దాన్ని వచ్చే శనివారం తరగతిలో చెప్పండి.

జవాబులు: 1. 82 కుట్లు. 2. సుమారు 20 కిలోమీటర్లు. మూడు, నాలుగు ప్రశ్నలకు జవాబులు మీ ఇళ్ళలోనే ఉన్నాయి.

జూన్, జూలై సెలవుల్లో మొదలుపెడితే డిసెంబరు ఎండలనాటికి జంపరు సిద్ధమవుతుంది. సంక్రాంతి ఇక్కడ నడివేసవిలోనే కదా! ఆనాటి సాయంత్రం చల్లగాలి తిరిగినప్పుడు తొడుక్కోవడానికి పనికొస్తుంది.